ఎట్టయపురంలో కూలుతున్నది గోడ ఒక్కటేనా?

పోయిన ఏడు సంక్రాంతి దాటాక మా కోవిల్‌పట్టి వైపు తెలుగువాళ్ళం నూటయాభై మందిదాకా ఒక కల్యాణమండపంలో కూడాం. ఎట్టయపురం జమీను అరమన పాడుబడిపోతోంది, దాన్ని కాపాడుకోవాలి అన్నది ఆనాటి చర్చ. మూడు గంటలు మాట్లాడుకుని మూడు తీర్మానాలు చేశాం. ఒకటి, అరమన ముందర మన పెద్దల పేర్లతో ఒక స్వాగత ద్వారం కట్టించాలి. రెండు, సర్కారుకు మహజరు పెట్టాలి. మూడు, మళ్ళీ సంవత్సరం ఇంతకంటె పెద్దగా కూడాలి. ఆపైన భోజనాలు. ఈ నాలుగింటిలో ఇంతవరకు అమలైంది భోజనాలు ఒక్కటే.

నేను వేదిక ఎక్కినవాణ్ణి కాను. వెనక వరుసలోంచి లేచి ఒక ప్రశ్న అడిగాను. "1904లో ఈ ఎట్టయపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం ఒకటుంది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళెవరైనా ఈ సభలో ఉన్నారా?" జవాబు రాలేదు. "పోనీ, తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. లెక్కపెట్టాను. పదకొండు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. పక్కనున్న పెద్దాయన నా చొక్కా అంచు పట్టుకుని లాగి, "కూర్చోప్పా, మంచి పనికి కూడినచోట ఈ మాటలెందుకు?" అన్నాడు. కూర్చున్నాను. ఆరోజు అలా కూర్చున్నందుకు ప్రాయశ్చిత్తంగా ఇవాళ ఇది రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానీండి. కోపమైనా వస్తే మేలే.

హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఈ పత్రిక చదివే మిత్రుల్లో చాలామంది ఎట్టయపురం చూసివుండరు. కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరాన, తూత్తుకుడి జిల్లాలో, నల్లరేగడి నేల నడుమ ఉన్న చిన్న ఊరది. ఇవాళ్టికీ పట్టణ పంచాయతీయే. పత్తి, సజ్జ, మినుము పండే ఆ నేలను మా వైపు కరిసల్ కాడు అంటారు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882 డిసెంబరు 11న పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది. కల్కి పూనుకుని ప్రజల దగ్గర చందాలు పోగుచేసి కట్టించిన భారతి మణిమండపం ఉంది. దాన్ని 1947లో రాజాజీ ప్రారంభించారు. ప్రవక్త జీవితాన్ని 'సీరాప్పురాణం' అనే తమిళ కావ్యంగా చెప్పిన ఉమరు పులవర్ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. 1835లో దీపావళినాడు ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిందీ అక్కడే. ఆయన సమాధి దగ్గర ఏటా పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు. సీమనుంచి వచ్చిన వయొలిన్‌ను మన సంగీతానికి ఒప్పించిన మొదటివారిలో ఆయన పేరే ముందు చెబుతారు.

ఇన్ని ఒక్క ఊళ్ళో ఉన్నాయి. ఇవన్నీ ఒకచోట చేరడానికి కారణం ఆ అరమన. దాన్ని కట్టి ఏలినవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడిన కంబళ నాయకులు. కవినీ గాయకుణ్ణీ పిలిచి కూడు పెట్టింది వాళ్ళే. పదకొండేళ్ళ సుబ్రహ్మణ్యాన్ని 'భారతి' అని పిలిచింది ఆ ఆస్థానమే. ఆ అరమన గోడల్లో ఇవాళ రావిమొక్కలు మొలిచాయి. సున్నం పెళ్ళలుగా రాలుతోంది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీనుకు శిస్తు రాబడి పోయింది. రాబడి లేని పెద్ద ఇల్లు ఏమవుతుందో పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక వాదాలకు వస్తాను. ఆ సభలో నాకు మూడు వాదాలు వినిపించాయి. మూడూ తప్పేనని నా నమ్మకం.

మొదటిది, 'ద్రోహి ఇల్లు' వాదం. సభలో ఒక కుర్రవాడు లేచి, "కట్టబొమ్మనను పట్టిచ్చినవాళ్ళ ఇంటిని మనం కాపాడడమేమిటి? కూలనీండి" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు కూడా. తమిళంలో ఎట్టప్పన్ అంటే ద్రోహి అని అర్థం స్థిరపడిపోయింది. 1959లో శివాజీ గణేశన్ సినిమా వచ్చాక అది చంటిపిల్లల నోటికి కూడా ఎక్కింది. నేను చిన్నప్పుడు మా బడిలో చాడీలు చెప్పినవాణ్ణి ఎట్టప్పా అని పిలిచేవాళ్ళం. మా ఇంట్లో మాట్లాడే భాషే ఆ ఎట్టప్పదీ, కట్టబొమ్మనదీ కూడా అని మాకు ఎవరూ చెప్పలేదు.

చరిత్రను నేను కడిగి తెల్లగా ఆరేయబోవడం లేదు. 1799లో ఎట్టయపురం కుంఫిణీ పక్షాన నిలిచిన మాట నిజం. పాంచాలంకురిచ్చి విడిచి పారిపోతున్న కట్టబొమ్మనను ఎట్టయపురం బలగం తరిమిన మాట నిజం. తర్వాత పాంచాలంకురిచ్చి భూముల్లో కొంత ఎట్టయపురానికి దక్కిన మాటా నిజమే. ఆయనను చివరకు పట్టి అప్పగించింది పుదుక్కోట తొండైమాన్ మనుషులు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. అప్పగించిన ఊరి పేరు తిట్టు కాలేదు, తరిమిన ఊరి పేరు తిట్టయింది. లోకంలో చెడ్డపేరు కూడా సమంగా పంచబడదు.

ద్రోహం జరిగింది కాబట్టి ఇల్లు కూలిపోవాలనేవాళ్ళను ఒకటి అడుగుతాను. పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసిందెవరు? ఇంగ్లీషువాళ్ళు. శత్రువు ఆనవాలు మిగలకూడదనేది వాళ్ళ నీతి. ఆ నీతిని మనమెందుకు అరువు తెచ్చుకోవాలి? 1974లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ స్మారకంగా కొత్త కోట కట్టింది. మంచి పనే. పిల్లలు వెళ్ళి చూస్తున్నారు. అయితే అది కొత్త కోట. అసలు కట్టడం నిలిచివున్నది ఎట్టయపురంలో. వీరుడి ఇల్లు కూలగొడితే మళ్ళీ కట్టుకున్నాం. తప్పు చేసినవాడి ఇల్లు నిలబడివుంటే వర్షానికి వదిలేస్తున్నాం. రెండిళ్ళూ కనిపిస్తేనేగదా ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో పిల్లవాడు అడుగుతాడు! అరమన గుమ్మం పక్కనే 1799లో ఈ ఇంటివాళ్ళు ఏం చేశారో తమిళంలోనూ తెలుగులోనూ రాసి పెట్టండి. నేను మొదటి రూపాయి ఇస్తాను. గోడ నిలబడితేగదా దానిమీద నిజం రాయడానికి!

రెండోది, 'మన రాజులు' వాదం. ఇది మొదటిదానికంటె ప్రమాదం. మొదటివాడు ఇల్లు కూలనీ అంటాడు. రెండోవాడు ఆ ఇంటిముందు సిమెంటు ద్వారం కట్టి, రంగులు పూసి, తన సంఘం పేరూ తన ఫోటోవూ పెట్టుకుంటాడు. వెనక కప్పు కురుస్తూనే ఉంటుంది. ముందర ద్వారానికి సంవత్సరానికోసారి పూలదండ పడుతుంది. మనకు తెలిసిన వారసత్వ రక్షణ ఇది! ఆనాటి సభలో అరమన గురించి మాట్లాడిన తొమ్మిది మందిలో ఏడుగురు తమ వంశవృక్షం గురించి మాట్లాడారు. ఆ ఇంట్లో ఏ పాట పాడారో, ఏ పుస్తకం రాశారో ఒక్కరూ చెప్పలేదు. ఏలినవాడు మన కులంవాడా కాదా అన్నదే కొలమానమైతే ఆ గోడకు మన మమకారం రెండు తరాలైనా నిలవదు. మూడో తరం పిల్లవాడు ఈ కులం లెక్కలు నాకెందుకు అంటాడు. వాడనేది న్యాయమే కూడా.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి చెబుతాను. దాని పేరు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. రాసింది సుబ్బరామ దీక్షితులు. 1839లో పుట్టారు, 1906లో పోయారు. బాలుస్వామి దీక్షితులకు కూతురి కొడుకు, దత్తపుత్రుడు. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు. ఎట్టయపురంలోని విద్యావిలాసిని అచ్చుకూటంలో 1904లో రెండు సంపుటాలుగా, దాదాపు 1700 పుటలతో ఆ గ్రంథం వచ్చింది. డెబ్బైరెండు మేళాల రాగాంగ రాగాలు, వాటి జన్యాలు, లక్షణాలు, స్వరాలతో కీర్తనలు అందులో ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 ఉన్నాయి. 77 మంది వాగ్గేయకారుల, సంగీతజ్ఞుల చరిత్రలున్నాయి. గమకం ఎక్కడ ఊగాలో, ఎక్కడ జారాలో, ఎక్కడ తాకి వదలాలో చూపడానికి ప్రత్యేకంగా గుర్తులు ఏర్పరిచి, వాటికి అచ్చు దిమ్మలు తయారుచేయించి మరీ ముద్రించారు. అప్పటి మద్రాసులో కాదండీ, సజ్జచేల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో!

అదంతా తెలుగు లిపిలో, తెలుగు వచనంలో ఉంది.

రాసినాయన పుట్టింది తమిళ బ్రాహ్మణ కుటుంబంలో. ఇంటిసొత్తుగా దాచుకున్న విద్యను లోకానికి ఇవ్వండని ఆయన వెంటపడి ఒప్పించింది చిన్నస్వామి మొదలియార్ అనే తమిళ క్రైస్తవుడు. అచ్చు ఖర్చు భరించింది ఇంట్లో తెలుగు మాట్లాడే జమీను. ఆ కాలంలో దక్షిణాది సంగీతానికి తెలుగు గ్రంథభాష కాబట్టి తెలుగులో రాశారు. దీన్నిబట్టి మనకు తెలియాల్సింది ఒకటుంది. ఎట్టయపురం తెలుగువాళ్ళ సొంత ఆస్తి ఎన్నడూ కాదు. అక్కడ తమిళులూ తెలుగువాళ్ళూ, హిందువులూ ముసల్మానులూ క్రైస్తవులూ తలా ఒక రాయి వేశారు. ఆ ఊరిని మన కులద్వారం వెనక బంధించబోవడం ఆ పుస్తకానికే అవమానం.

ఆ గ్రంథాన్ని మదరాసు సంగీత అకాడమీ 1961 మొదలుకుని సంపుటాలుగా తమిళ లిపిలోకి తెచ్చింది. తర్వాత ఇంగ్లీషులోకీ వచ్చింది. ఇవాళ దీక్షితుల కీర్తన నేర్చుకునే తమిళ పిల్ల ఆ పుస్తకాన్ని తన భాషలో తిరగేస్తోంది. ఎట్టయపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల ముందు మూలం తెరిచిపెడితే, అది కన్నడమో మలయాళమో పోల్చుకోలేదు. కూడబలుక్కుని ఒక్క మాటైనా చదవలేదు. ఇందులో తమిళుల తప్పేముంది? వాళ్ళు పుస్తకాన్ని దక్కించుకున్నారు. మనం చేతులు కట్టుకుని చూశాం.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసానికి నీతి ఉండదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభైరెండో ఏట. మా అవ్వ పోయినప్పుడు ఆవిడ సందూకంలో మా తాత రాసిన చిన్న లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. తెలుగులో ఉంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూశాం. పన్నెండు మందిమి తెలుగు మాట్లాడేవాళ్ళం, ఒక్కరికీ చదవ చేతకాలేదు. మా చిన్నాయన, "ఎవరికెంత బాకీయో ఏమో, చదవకపోతేనే మంచిదిలే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఒక బడిపంతులు దగ్గర ఓనమాలు దిద్దుకుని, ఆరు నెలలకు ఆ పుస్తకం చదివాను. బాకీలేమీ లేవు. పత్తి తూకాలు, వానపడిన తేదీలు, మధ్యలో ఒకచోట మా నాయన పుట్టిన దినం, నక్షత్రం ఉన్నాయి. మా నాయన అరవైయేళ్ళు బతికి, తన పుట్టినరోజు ఎప్పుడో తెలియకుండానే పోయాడు. అది ఆ సందూకంలోనే ఉంది. ఇంట్లోనే ఉంది. చదివేవాడు లేడు.

ఎట్టయపురం గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ సందూకమే గుర్తొస్తుంది.

మూడోది, 'సర్కారు చూసుకోవాలి' వాదం. చూసుకోవాలి, నిజమే. పురాతన కట్టడాల రక్షణకు తమిళనాట 1966లోనే చట్టం వచ్చింది. వారసత్వ సంఘం కోసం 2012లో మరో చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికి 2024 దాకా పట్టింది. పన్నెండేళ్ళలో రావిమొక్క వేరు గోడలో ఎంతదూరం పోతుందో కొలిచి చెప్పగలిగిన మేస్త్రీలు మా ఊళ్ళో ఉన్నారు. నేనూ ఒక కార్యాలయానికి రెండుసార్లు మహజరు పట్టుకుని వెళ్ళాను. మొదటిసారి ఇది మా శాఖ కాదన్నారు. రెండోసారి అది సొంతదారుల ఇల్లు, మేమేం చేయగలమన్నారు. సర్కారును అడగవద్దని నేననను. అడగాల్సిందే, అడుగుతూనే ఉండాల్సిందే. కానీ అడిగేవాడికి తనకేం కావాలో తెలియాలి. "మా అరమన కాపాడండి" అంటే వాళ్ళకు అది పాతగోడ. "దేశంలో సంగీతం నేర్చినవాళ్ళందరూ పేరు చెప్పుకునే పుస్తకం పుట్టిన చోటిది, ఇదిగో ఆ పుస్తకం" అని బల్లమీద పెట్టి, ఒక పుట చదివి వినిపించి అడిగితే ఆ అడగడం వేరు. అలా చదివి వినిపించేవాడు మనలో ఉండాలి.

బడి సంగతీ ఇంతే. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, అందువల్ల మన భాష పోయింది అని అన్ని సభల్లోనూ వింటున్నాం. ఉన్న తెలుగు బడులకు ఆ చట్టం వల్ల కష్టం వచ్చిన మాట వాస్తవం. వాళ్ళు కోర్టులకెక్కిన మాటా వాస్తవం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. అది మన హక్కు. ఆ హక్కుకోసం పోరాడేవాళ్ళకు నా నమస్కారం. అయితే మా ఊళ్ళో 2006కు ముందు తెలుగు బడి ఉండిందా? లేదు. మా తాత తర్వాత మా ఇంట్లో అక్షరం పోవడానికి ఏ చట్టం కారణం? ఏ చట్టమూ కాదు. మాకు అక్కర లేకపోయింది, అంతే. ఇంట్లో మాట ఉందిగదా, అది చాలనుకున్నాం. మా పక్క ఊరు ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మన వలస కథలన్నీ తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానం పొందారు. మన అవ్వల కథలు ఆయన ద్వారా తమిళానికి దక్కాయి. అందుకు ఆయనకు దండం పెడతాను. ఆ కథలు తెలుగులో రాసుకునేవాడు మా మధ్య ఒక్కడూ ఎందుకు లేకపోయాడన్న ప్రశ్న మాత్రం ఆయనను అడగాల్సింది కాదు, మనల్ని మనం అడుక్కోవాల్సింది.

ఇంతకీ ఏం చేద్దామంటావని పాఠకులు అడగవచ్చు. తిట్టి ఊరుకోవడం నాకూ ఇష్టం లేదు.

స్వాగత ద్వారం సంగతి ముందు మానేద్దాం. ఆ డబ్బుతో చేయదగిన పనులున్నాయి. అరమన సొంతదారుల అనుమతి అడిగి, ప్రతి గదినీ, ప్రతి స్తంభాన్నీ, ప్రతి తలుపు చెక్కడాన్నీ కొలిచి, గీసి, ఫోటోలు తీయించి పెడదాం. రేపు ఏ గోడ కూలినా అది ఎలా ఉండేదో కాగితం మీదైనా మిగులుతుంది. కప్పుమీది మొక్కలను ఏటా వానలకు ముందు వేళ్ళతో తీయించడానికి వాళ్ళు ఒప్పుకుంటే కూలి మనం భరిద్దాం. దానికి కోట్లు అక్కర లేదు. విద్యావిలాసిని అచ్చుకూటం జాగా కోసం నేను ఊరంతా తిరిగాను, ఒక్క రాయీ ఒక్క పలకా కనిపించలేదు. ఊరి వృద్ధులనూ జమీను పాత కాగితాలనూ పట్టుకుని ఆ జాగా తేల్చుకుని, రెండు భాషల్లో ఒక రాయి నాటుదాం. ఇందులో తమిళ మిత్రులను మొదటి రోజునుంచీ కలుపుకుందాం. భారతి పేరు చెబితే ఊరంతా వస్తుంది. తెలుగును అంత ముద్దుగా మెచ్చుకున్న కవి పుట్టిన ఊళ్ళో ఆ భాషకు ఒక రాయి నాటుతామంటే కాదనేవాళ్ళుండరు.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు. ప్రతి ఆదివారం రెండు గంటలు మన పిల్లలకు ఎట్టయపురంలోనే ఓనమాలు దిద్దిద్దాం. సుబ్బరామ దీక్షితులే 1905లో 'ప్రథమాభ్యాస పుస్తకము' అని చిన్నవాళ్ళకోసం సరళీవరసలతో ఇంకో తెలుగు పుస్తకం కూడా తెచ్చారు. పాట నేర్చే పిల్లలకు అక్షరం, అక్షరం నేర్చే పిల్లలకు పాట ఆ పుస్తకంతోనే మొదలుపెట్టవచ్చు. నేను మొదలుపెట్టాను. మా మేనకోడలి కూతురు, వాళ్ళ పక్కింటి పిల్లలు ఇద్దరు, మొత్తం ముగ్గురు. పోయిన నెల ఒక పిల్ల ఆ పాత అచ్చులో 'స' ఇవాళ్టి 'స'లా లేదు తాతా అని అడిగింది. ఆ ప్రశ్న వినడానికి నేను ఇన్నేళ్ళు బతికాననిపించింది. ఆ ఒక్క అక్షరంలో తేడా చూడగలిగిన పిల్లకు రేపు అరమన స్తంభంలో బీట చూపించనక్కరలేదు, తనే చూస్తుంది.

ఆనాడు కల్యాణమండపంలో చేతులెత్తిన మిగతా పదిమందికీ ఇది నా విన్నపం. మీరు తలా ముగ్గురిని కూర్చోబెట్టండి. వచ్చే సంక్రాంతికి మళ్ళీ కూడదాం. నేను మళ్ళీ లేచి అదే ప్రశ్న అడుగుతాను. చేతులు లెక్కపెట్టే పని మాత్రం ఈసారి ఆ పిల్లలకే అప్పగిస్తాను.